దొంతి ఖాళీ కాలేదు

నా తెలుగు బీదదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. ఇతరులు రాసిన తెలుగును అక్షరం అక్షరం కూర్చడంలోనే నా జీవితంలో అధికభాగం గడిచింది. సొంతంగా నేను రాసినవి బిల్లులు, సెలవు చీటీలు తప్ప మరేమీ లేవు. అయినా ఈ సంస్మరణ సంచికలో నాలుగు పేజీలు కావాలని నేనే అడిగి తీసుకున్నాను. రాత్రి కళాశాలలో చదివి పట్టా పుచ్చుకున్నవాడిని, రాయగలనని చెప్పాను. ఇందులో తప్పులుంటే అవి నావి. మంచి ఉంటే అది మాస్టారు నేర్పినది.

మాస్టారు పోయారు. ఉదయం షాపు తాళం తీస్తుండగా ఫోను మోగింది. మాస్టారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఫోనులో ఆవిడే.

"మీ మాస్టారు వెళ్ళిపోయారయ్యా. కాగితాలేమీ తేవద్దు. నువ్వు రా, చాలు."

కొన్ని నెలలుగా నేను ఆ ఇంటికి చేతిలో కాగితాలు లేకుండా వెళ్ళింది లేదు. ఆ ఉదయం వారి గుమ్మంలో నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాలాసేపు వెనక్కి కట్టుకుని ఉన్నాను.

మాస్టారు రాజమండ్రిలో మా రాత్రి కళాశాలలో లెక్కలు చెప్పేవారు. నేను పగలంతా ఒక ప్రింటింగ్ ప్రెస్సులో, అద్దంలోలా తిరగబడి ఉండే సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరును. సాయంత్రం సిరా మరకల వేళ్ళతోనే వచ్చి, వాటిని డెస్కు కింద దాచుకుని వెనక బెంచీలో కూర్చునేవాడిని. ఒకనాడు ఆయన పాఠం ఆపి నా దగ్గరకు వచ్చారు.

"చేతులు పైకి పెట్టవయ్యా. ఈ గదిలో అక్షరాన్ని ఎడమ నించి కుడికీ, కుడి నించి ఎడమకీ చదవగలిగినవాడివి నువ్వొక్కడివే. దాచుకునే విద్యా అది?"

ఆ తరువాత నేను ముందు బెంచీకి మారాను. పట్టా వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.

తొంభైల నడుమ సీసం పోయి కంప్యూటర్లు వచ్చాయి. నేను చిన్న డీటీపీ షాపు పెట్టుకున్నాను. ఊళ్ళో అందరూ తెర మీద కనబడే పేజీని మౌసుతో జరుపుతూ పని చేసుకుంటుంటే, మాస్టారు ఒక మిఠాయి పెట్టెలో ఫ్లాపీలు సర్దుకుని వచ్చి లేటెక్ అనే మరో పద్ధతి నేర్పారు. అందులో పని చేస్తున్నప్పుడు పేజీ కనబడదు. ఇది శీర్షిక, ఇది సూత్రం, ఇది పుస్తకం పేరు అని మనం ఆదేశాలు రాస్తే పేజీని అది కట్టి ఇస్తుంది. లెక్కల సూత్రాలను అంత అందంగా కూర్చే సాధనాన్ని నేను మరొకటి చూడలేదు. యూనివర్సిటీకి థీసిస్ సమర్పించుకోవలసినవారు కాకినాడ నుంచీ కొవ్వూరు నుంచీ మా షాపు వెతుక్కుంటూ వచ్చేవారు.

అందరికీ చిక్కు చివరి పేజీల దగ్గరే వచ్చేది. అది ఆధార గ్రంథాల పట్టిక. ఒక గైడుకు సంవత్సరం పేరు పక్కనే ఉండాలి, ఇంకొకరికి అన్నింటికంటే చివర ఉండాలి. ఒకరికి పుస్తకం పేరు వాలు అక్షరాల్లో కావాలి, మరొకరికి వాలు అక్షరాలంటే పడదు. మాస్టారు నేర్పిన పద్ధతిలో పుస్తకాల వివరాలన్నీ ఒక ఫైల్లో ఒక్కసారి రాసిపెట్టుకుంటే చాలు. అవి అచ్చులో ఏ వరుసలో, ఏ రూపంలో కనబడాలో స్టైల్ ఫైల్ అనే మరొకటి నిర్ణయిస్తుంది.

"పుస్తకం మనిషి, స్టైలు చొక్కా" అనేవారు మాస్టారు. "గైడు గారికి నచ్చకపోతే చొక్కా మార్చు. మనిషిని కొయ్యకు."

ఆ స్టైలు రాసే భాష మొదట నన్ను భయపెట్టింది. వస్తువులను ఒకదానిమీద ఒకటి దొంతిలా పేర్చి, వాటితో ఏం చేయాలో ఆఖరున చెప్పాలి. నాకు తలకిందులుగా తోచింది. మాస్టారు సాసర్లో టీ ఊదుకుంటూ, "భయమేంటయ్యా, నువ్వు మాట్లాడేదీ అంతేగా" అన్నారు. "'నేను రేపు పొద్దున్నే గొడుగు పట్టుకుని ఏలూరు బస్సుకి' అని అన్నీ పేర్చుకొచ్చి, వెళ్తావో మానేస్తావో చిట్టచివర్నే కదా చెప్తావ్. ఈ మిషన్‌కి మన భాషే వచ్చనుకో."

పని ముగిశాక దొంతిలో ఏదైనా మిగిలిపోతే, దొంతి ఖాళీ కాలేదని తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చేది. అది కనబడినప్పుడల్లా ఆయన, "చూడు చూడు, ఎవరికో వడ్డించడం మర్చిపోయావ్" అనేవారు.

మేము కూర్చిన మొదటి థీసిస్ పట్టిక ఇప్పటికీ నాకు జ్ఞాపకం. అసలు స్టైలు రాసినవారి దేశంలో పేరులోని చివరి మాటే వంశం పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది. ఆ సంగతి యంత్రానికి తెలియక, రకరకాల ఇళ్ళ వాళ్ళను పేరు చివర మాటను బట్టి ఒకచోట చేర్చింది. ఒక పేజీ నిండా రావులు, మరో పేజీ నిండా రాజులు. ఇంటిపేర్లన్నీ పొడి అక్షరాలైపోయి తోకల్లా మిగిలాయి.

"ఇదేంటయ్యా, బ్రిడ్జి మీద బస్సు ఆగిపోతే దిగినట్టు రావులందరూ ఇక్కడే నిలబడ్డారు?" అన్నారు మాస్టారు. ఆ వారమంతా కూర్చుని, ఇంటిపేరును బట్టి వరుస పెట్టే కొత్త స్టైలు రాశారు. గోదావరికి ఇటూ అటూ ఎన్నో థీసిస్‌లు ఆ చొక్కా తొడుక్కునే వెళ్ళాయి.

ప్రూఫు చూసేటప్పుడు ఆయన పట్టికను పైకి చదివేవారు. ప్రతి పేరుకూ గారు చేర్చేవారు. ఎన్నడూ చూడని జర్మనీ దేశస్థుడికి కూడా గారే. నాకు నవ్వు వచ్చిందని గ్రహించి ఒకసారి అన్నారు: "ఈ పట్టికలో ఉన్న ప్రతివాళ్ళూ మనకేదో ఒకటి ఇచ్చినవాళ్ళేనయ్యా. ఇచ్చినవాళ్ళని ఏకవచనంలో పిలుస్తామా?"

రిటైరయ్యాక ఆయన ఒక పుస్తకం మొదలుపెట్టారు. గోదావరి నడిమి లంకల్లో రైతులు పూర్వం పొలాన్ని ఎలా కొలిచేవారు, రేవుల్లో ధాన్యాన్ని ఎలా కొలిచేవారు అన్నది విషయం. దానికి పునాది ఆయన అక్కగారి వ్యాసాలు. ఆమె నరసాపురంలో హైస్కూలు టీచరుగా చేశారు. పిల్లలు లేరు, భర్త చాలాకాలం కిందట గతించారు. పడుచుతనం నుంచీ సెలవుల్లో పడవలెక్కి లంకలు తిరిగి, చూసినదంతా ఒక చిన్న పత్రికకు రాశారు. ఆ పత్రిక ఏనాడో మూతపడింది.

మొదటి ప్రూఫు సిద్ధమైనప్పుడు అక్కగారు రాజమండ్రి వచ్చారు. పుస్తకాన్ని వెనక నుంచి తెరిచి, పట్టిక చదివి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివారు.

"ఒరేయ్ తమ్ముడూ, నన్ను ఇక్కడ సగం, అక్కడ సగం పెట్టావేంట్రా?"

పెళ్ళికి ముందు రాసిన వ్యాసాలు పుట్టింటి పేరుతోనూ, తరువాత రాసినవి అత్తింటి పేరుతోనూ అచ్చయ్యాయి. ఇంటిపేరును బట్టి వరుస పెట్టమని మాస్టారు స్వయంగా రాసిన నియమమే ఆమెను రెండు చేసింది. నడుమ కొన్ని పేజీల నిండా ఇతరులున్నారు.

"పెళ్ళయ్యాక ఇంకెవరో వచ్చి రాసిపెట్టినట్టుంది కదరా" అని ఆమె నవ్వారు. మేమూ నవ్వాము. కాసేపటికి ఆమె నవ్వు ఆపి, "నా పేరు ఒక పుస్తకంలోకి ఎక్కడం ఇదే మొదలు, ఇదే ఆఖరూనూ. ఒక్కచోట చూసుకోవాలనుందిరా" అన్నారు.

"ఆయ్, ఒక్కచోటే పెడతానక్కా" అన్నారు మాస్టారు.

దారి నాకు వెంటనే తట్టింది. పట్టిక అచ్చుకు వెళ్ళే ముందు ఒక మధ్యంతర ఫైల్లో తయారవుతుంది. దానిని తెరిచి చేత్తో దిద్దవచ్చు. మళ్ళీ నడిపితే మాత్రం యంత్రం ఆ ఫైలును కొత్తగా రాసుకుని మన దిద్దుబాటును తుడిచేస్తుంది. అందుకని ఆఖరు నిమిషంలో దిద్దుదామని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

"చేత్తో దిద్దితే మా అక్కకొక్కదానికే. స్టైల్లో దిద్దితే రేపు నీ షాపుకొచ్చే ప్రతి ఆడపిల్లకీ పనికొస్తుంది. పెళ్ళి చేసుకుంటే మనిషి ఇద్దరైపోవాలేంటయ్యా?"

ఆ పనిలోనే ఉన్నారు. ఒకే మనిషికి రెండు పేర్లుంటే రెండు పేర్లతో వచ్చిన రచనలనూ మొదటి పేరు కింద చేర్చి, రెండో పేరు దగ్గర ఫలానాచోట చూడమని ఒక సూచన మిగల్చడం ఆయన తలపెట్టిన పద్ధతి. సగం రాశారు. మిగతా సగం తలలో ఉండగా పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాటల్లో 'అది' అనేది ఒక్కటే మిగిలింది.

ఆ సగం స్టైలు నా దగ్గరికి చేరింది. నడిపిన ప్రతిసారీ తెర మీద అదే వాక్యం, దొంతి ఖాళీ కాలేదని. ఎవరికి వడ్డించడం మరచిపోయామో నాకు తెలియలేదు. దానిని కాగితాల మీద అచ్చు తీసి ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకూ చదివాను. ఆయన మెచ్చుకున్న ఆ విద్య దేనికీ పనికిరాలేదు. కాకినాడలో ఒక కంప్యూటరు లెక్చరరు గారికి చూపించాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, శ్రద్ధగా చూసి, "ఇవి ఇప్పుడెవరు రాస్తున్నారండి? చేత్తో కొట్టేసుకోండి, అయిపోద్ది" అన్నారు.

ఒక్కొక్క పేజీ అచ్చు తీసి మాస్టారి మంచం దగ్గరకు తీసుకువెళ్ళేవాడిని. ఆయన ఎడమచేతి వేలు ఒక పంక్తి మీద ఆగేది.

"ఇక్కడాండీ?"

"అది."

"ఈ పేరు ముందు రావాలాండీ?"

కళ్ళు మూసుకునేవారు. కాదని అర్థం.

"పోనీ, ఈ పంక్తి తీసేయమంటారా?"

"అది. అది."

అమ్మగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఇవాళ్టికి చాలయ్యా. ఆయన నీకు చెప్పలేకా, నువ్వు ఆయన్ని అడగలేకా, మీ ఇద్దర్నీ నేను చూడలేకపోతున్నాను" అనేవారు. ఆయనకు దారి తెలుసు, చెప్పే నోరు లేదు. నాకు నోరుంది, అడగవలసిన ప్రశ్న తెలియదు. అంత దగ్గరగా కూర్చుని అంత నిస్సహాయంగా నేను ఎన్నడూ లేను.

చివరకు నేను చేత్తో దిద్దాను. అక్కగారి వ్యాసాలన్నీ ఒకే పేరు కింద చక్కగా వచ్చాయి. ఆ పట్టికను ఆయన ముందు పెట్టి, "వచ్చిందండీ" అన్నాను. ఆయన చాలాసేపు చూశారు. ముఖంలో వెలుగు వచ్చింది. తరువాత ఎడమచేత్తో కష్టపడి పేజీ తిప్పారు, ఇంకొకటి తిప్పారు. కొవ్వూరు నుంచి థీసిస్ పనికి మా షాపుకు వచ్చిన ఒకామె పేరు ఆ పట్టికలో ఉంది. ఆమె రాసిన రెండు వ్యాసాల నడుమ పెళ్ళయి, ఆమె ఇంటిపేరు కూడా మారింది. ఆమె అక్కడ ఇంకా ఇద్దరుగానే ఉంది. మాస్టారి వేలు ఆమె దగ్గర ఆగింది.

"అది" అన్నారు.

ఆయన నన్ను కోపంగా చూడలేదు. తరగతిలో లెక్క సగం చేసి ఆగిపోయినవాడిని చూసినట్టు, తరువాతి మెట్టు వాడే వేస్తాడని ఎదురుచూస్తున్నట్టు చూశారు. ఆ మెట్టు నేను వేయలేకపోయాను. ఆ వారంలోనే ఆయన పోయారు.

పెద్దకర్మ నాడు అక్కగారు నన్ను వరండాలోకి పిలిచారు. నేను రెండు పట్టికలూ వెంట తీసుకువెళ్ళాను. ముందుగా నేను దిద్దినది ఇచ్చాను. ఆమె తన పేరు చూసుకున్నారు. కింద వరుసగా ఉన్న వ్యాసాల పేర్లన్నీ చదువుకున్నారు.

"ఇది వాడు చేసిందేనా బాబూ?"

"కాదండీ. నేను చేత్తో కలిపాను."

"మరి వాడు చేసిందేదీ?"

రెండోది ఇచ్చాను. అందులో ఆమె ఎప్పటిలాగే ఇక్కడ సగం, అక్కడ సగం. ఆమె మొదటి చోటు వెతుక్కుని ఎడమచేతి వేలు పెట్టుకున్నారు. పేజీలు తిప్పి రెండో చోట కుడిచేతి వేలు పెట్టుకున్నారు. అటు చూసి ఇటు చూశారు.

"ఇంతవరకూ వచ్చాడన్నమాట" అన్నారు. "అచ్చుకి తొందరేం లేదులే. ఇది నా దగ్గరుండనీ."

ఈ నాలుగు పేజీలు చదివినవారు వీటిని దాచుకోవద్దని నా ప్రార్థన. మీ ఎరుకలో ఆ స్టైలు భాష చదవగలిగినవారు ఎవరున్నా ముందుగా వారికి అందించండి. మాస్టారి ఫ్లాపీలు ఆ మిఠాయి పెట్టెలోనే, నా షాపులో భద్రంగా ఉన్నాయి. అటువంటివారు దొరక్కపోతే లెక్కలు చెప్పే మాస్టార్లకు ఇవ్వండి. కొవ్వూరులో ఆమె ఎవరికైనా తెలిస్తే ఆమెకు ఇవ్వండి. అక్కగారికి మాత్రం అందరికంటే చివర ఇవ్వండి. ఇప్పుడిస్తే ఆమె అందుకోలేరు. నరసాపురంలో తన వీధి అరుగు మీద, మాస్టారి పట్టిక ఒళ్ళో పెట్టుకుని, ఒక వేలు పుట్టింటి పేరు మీద, ఒక వేలు అత్తింటి పేరు మీద ఉంచి కూర్చున్నారు. రెండు చేతులూ ఖాళీగా లేవు.