అవతలి మాట విందామన్న మనిషి

మా పై అంతస్తు జడ్జిగారు పోయారన్న కబురు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, రేపు ట్యాంకర్ రాదన్న మెసేజ్ కింద వచ్చింది. వెంటనే వరసగా దండం బొమ్మలు. బతికుండగా ఆయన్ని పాత చింతకాయ పచ్చడని వెక్కిరించిన వేళ్ళే వాటినీ నొక్కాయి. అసోసియేషన్ సెక్రటరీ ‘తీరని లోటు’ అని రాశాడు. ఇన్నాళ్ళూ సెక్రటరీకున్న లోటల్లా జడ్జిగారు ఉండటమే.

కోస్తా నుంచి వచ్చి, ఊరూరా మెజిస్ట్రేటుగా చేసి, రిటైరయ్యాక హైదరాబాద్‌లో మా మన్సూరాబాద్‌కొచ్చి స్థిరపడ్డారాయన. చెత్తబుట్ట బయటపెట్టడానికైనా ఇస్త్రీ చొక్కాతోనే వచ్చేవారు. చట్టాల పేర్లూ సెక్షన్లూ మారినప్పుడు సెక్రటరీ ఆయన్ని మెట్ల మీద ఆపి, మీ చదువంతా ఇక చెల్లదు కదా అని నవ్వాడు.

“మారింది నంబర్లండీ. అవతలివాడి మాట వినాలన్నది ఏ నంబరూ లేనప్పుడూ ఉంది” అన్నారు జడ్జిగారు.

పోయిన ఎండాకాలం, కింద వాటాలో అద్దెకుండే ఆమె వాల్వు తిప్పి నీళ్ళు తనవైపు మళ్ళించుకోవడం కెమెరాలో పడింది. పోచంపల్లి వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్లో పని. ఆమెను ఖాళీ చేయించాలా అని గ్రూపులో ఓటింగు పెట్టారు. పొద్దున లేస్తే ప్రజాస్వామ్యం మీద సూక్తులు పంపే పెద్దమనుషులు టిఫిన్ తింటూనే ఆమెను వెళ్ళగొట్టాలని ఓటేశారు.

దాన్ని ఖాయం చేయడానికి పెట్టిన మీటింగుకు జడ్జిగారు దిగివచ్చి ఆమెను పిలవమన్నారు. ఆమె టీవీ మోత మీద ఆయనకూ కోపమే. వీడియో ఉండగా అడిగేదేముందని సెక్రటరీ విసుక్కున్నాడు.

“వీడియోలో ఆమె చేసింది కనబడుతుంది. ఎందుకు చేసిందో కనబడదు. అందుకే అడగాలి.”

ఆమె వచ్చింది. “అవ్, నేనే తిప్పిన. మీరందరు పొద్దుగాల నింపుకుంటరు. నేను దుకాణంల నుంచి వచ్చేసరికి చుక్క ఉండదు. చెప్తే, కిరాయోళ్ళకు గింతే అన్నరు” అంది.

ఆ మాటన్నది సెక్రటరీయే. అందరం ఫ్యాను వైపు చూశాం. తప్పు తప్పేనని జడ్జిగారు ఆమె చేత క్షమాపణ చెప్పించారు. సాయంత్రం కూడా నీళ్ళు వదిలేట్టు మమ్మల్ని ఒప్పించారు.

మెట్లెక్కుతూ నాతో అన్నారు: “చదువుకున్న గుంపుతోనే భయమండీ. అది గుంపని దానికి తెలియదు.”

ఆయన పోయాక, మొన్న సెల్లార్‌లో ఎవరి కారుకో గీత పడింది. కొత్తగా అద్దెకు దిగినతని బండే గీసిందని సెల్లార్‌లోనే గుమిగూడి అందరూ తేల్చేశారు. ఖాళీ చేయించాలని సెక్రటరీ మొదలుపెట్టి, మధ్యలో ఆగాడు. చేదుమాత్ర మింగినట్టు మొహం పెట్టి, అతన్నీ పిలవండి, ఏమంటాడో విందాం అన్నాడు. అది ఎవరి మాటో గుర్తొస్తే సిగ్గుపడేవాడు, గుర్తు రాలేదు.

అతను వానలో తడిసిన హెల్మెట్ చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. అతను చెప్పేది వినడానికి అందరం అతని వైపు తిరిగాం. హెల్మెట్ నుంచి నీళ్ళు సెల్లార్ బండల మీద చుక్కలుగా పడుతున్నాయి.