తాతగారి పటంలో మరక

ఆ రోజుల్లో నాకు శుభ్రత పిచ్చి ఎక్కువ, వినే ఓపిక తక్కువ. (రెండోది ఇప్పటికీ మారలేదని మా ఆవిడ అంటుంది.) దేశం కాని దేశంలో, సైన్స్ పార్క్‌లో పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఉద్యోగంలో కొత్తగా చేరి, క్లెమెంటి అనే పేటలో ఒక రష్యన్ ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ తండ్రికి ఎనభై దాటాయి. సోవియట్ కాలంలో ఆర్థిక భూగోళ శాస్త్రవేత్త. ఏ నది పక్కన ఏ ఫ్యాక్టరీ పెట్టాలో, రైలు మార్గం ఎటు తిప్పాలో తేల్చి చెప్పడం ఆయన పని. నేను తాతగారూ అనేవాణ్ణి. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే కాబట్టి ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని బాగానే నడిచేవి.

రోజూ పొద్దున్నే జామ్ వేసుకున్న టీ తాగుతూ తన జీవితమంతా చెప్పేవాడు. మంచులో నెలల తరబడి తిరిగిన సర్వేలు, తను వేలు పెట్టి చూపించిన చోట లేచిన ఊరు. నేను ఆఫీసు బస్సు గురించి ఆలోచిస్తూ, ఆయన ఆగిన చోటల్లా "అవునా తాతగారూ" అనేవాణ్ణి. ఆయన తన కథ పుస్తకంగా రాసి, చివర్లో వెయ్యడానికి స్వయంగా ఒక పటం గీశాడు. దాన్ని మా ఆఫీసులో స్కాన్ చేయించే బాధ్యత నాది.

ఆ ఆదివారం పటాన్ని బల్ల మీద పరిచి, హాకర్ సెంటర్ తిండి దుకాణాల నుంచి తెచ్చిన, టీ పోసిన ప్లాస్టిక్ కవరును పైనున్న దీపానికి తగిలించాను. (అంత తెలివి నాది.) కాసేపటికి చూస్తే నది మలుపులో గోధుమరంగు చుక్క! తువాస్‌లో కూలీలుండే డార్మిటరీ నుంచి నా చేతి పప్పు తినడానికి వచ్చిన మా శ్రీకాకుళం అన్న తొంగి చూశాడు.

"ఏట్రా, మళ్లీ టీ ఒలకబోసీసేవా? ముసలాయన సూసీలోగా తుడిసీ!"

రబ్బరుతో మెల్లగా రుద్దాను. చుక్క పోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు సాయంత్రం తాతగారు కళ్లజోడు పెట్టుకుని పటం మీద నది వెంట వేలు నడిపిస్తూ, మలుపు దగ్గర ఆగిపోయాడు.

"మళ్లీనా?" అన్నాడు.

ఆ చుక్క ఆయన చోటు చూపించిన ఊరేనట. మిలటరీ ఫ్యాక్టరీ ఉండటంవల్ల ఏ పటంలోనూ కనపడకూడదు. "అచ్చుకు వెళ్లే ప్రతి పటంలోనూ దాన్ని చెరిపింది నేనే. అదీ నా ఉద్యోగంలో భాగమే. నా భార్య ఆ ఊళ్లోనే పనిచేసింది. అక్కడే పాతిపెట్టాం. ఈ ఒక్క పటంలో పెట్టుకుందామనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. "టీ మరకనుకున్నాను తాతగారూ," అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. "నేను పైవాళ్లు చెప్పారని చెరిపాను. నువ్వు టీకి భయపడి చెరిపావు. నీ కారణమే నయం."

గోధుమరంగు పెన్సిల్ తీసుకున్నాడు. నాకిచ్చి, చోటు చూపించి, "నువ్వే పెట్టు," అన్నాడు. సిగ్గుతో, భయంతో ఎంత గట్టిగా నొక్కానంటే కాగితానికి కన్నం పడింది. ఆయన దాన్ని వేలితో తడిమి, "బాగుంది. ఇక ఎవరూ రబ్బరుతో చెరపలేరు," అన్నాడు.

పుస్తకం అచ్చుకాకుండానే తాతగారు పోయారు. పటం ఆంటీ నాకిచ్చింది. ఆయన భార్య పేరేమిటని నేను ఒక్కసారైనా అడగలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

మొన్న మా అమ్మాయి గోడ మీద ఆ పటం ఫ్రేము దగ్గర నిలబడి, "నాన్నా, ఇక్కడ హోల్ ఉంది లా. వెనకాల టేప్ వెయ్యనా?" అంది, ఇక్కడి పిల్లల యాసలో.

"వద్దమ్మా, అది ఊరు," అని కూర్చోబెట్టి తాతగారి కథ మొదటినుంచీ ఎత్తుకున్నాను. పిల్ల ఫోను చూసుకుంటూ, నేను ఆగిన చోటల్లా సరిగ్గా "అవునా నాన్నా" అంటోంది.