కాసియన్ మోకాలు

టిరోల్ కొండల్లో స్కీ పందెగాళ్లకు కొదవలేదు గాని, కుంటడంలో కాసియన్‌కు సాటి వచ్చేవాడు ఇంతవరకు పుట్టలేదు. శీతాకాలమంతా దేశదేశాల మంచువాలులెక్కి దిగుతాడు. ఏ పందెంలోనైనా మొదటి విడతలో ముందొచ్చిన ముప్పైమందిలో ఉంటేనే రెండో విడత. మనవాడు కిందికి రాగానే ముందు తెరమీద తన అంకె చూసుకుంటాడు; ముప్పై దాటిందని రూఢి అయ్యాకే మోకాలు పట్టుకుంటాడు. కెమెరా ఇటు తిరిగితే మూలుగు, తిరక్కపోతే ఒట్టి నిట్టూర్పు. స్కీలకు మైనం పూసే లోయిస్ ముసలాయన, "ఇవాళ ఏ కాలురా? కట్టు ఎటు కట్టమంటావో చెప్పు," అని వినయంగా అడుగుతుంటాడు.

ఈ ఏటి చివరి పందెంలో కాసియన్ ముప్పై ఒకటోవాడయ్యాడు. రెండో విడతకు వెళ్లకపోతే వచ్చే ఏడు జట్టులో చోటు లేదని కోచ్ ముందే తేల్చి చెప్పింది. శాస్త్రోక్తంగా ఎడమ మోకాలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. అంతలో ముందున్నవాళ్లలో ఒకడు దారిలో చుట్టి రావలసిన జెండా ఒకటి తప్పించి దిగాడని తేలి, వాడి పేరు కొట్టేశారు. లోయిస్ స్కీలు మోసుకుంటూ వచ్చాడు.

"లేరా, ముప్పయ్యోవాడివి నువ్వే. రెండో విడతలో వరస తిరగబడుతుందిగా, ముందు దిగేదీ నువ్వే. ఇంకా ఎవడూ తొక్కని మంచు, మహారాజులా దిగు."

"మోకాలు, మామా..."

"డాక్టరమ్మనడిగే వచ్చా. గుర్రానికి కూడా అంత మంచి మోకాలు ఉండదంది."

కాసియన్ పైకి చూశాడు. వాలంతా అద్దంలా ఉంది. తప్పు మోపడానికి ఒక్క గాడి కూడా లేదు. గంభీరంగా లేచి స్కీలందుకున్నాడు. అప్పటిదాకా క్షేమంగా ఉన్న కుడికాలు కూడా, అందరూ చూస్తుండగానే, కుంటడం మొదలుపెట్టింది.