నాలుగు వేళ్ళ మందం

దేవరాజులు లెక్కలో ఈ లోకంలో వస్తువులు రెండే రకాలు. మడిచేందుకు వీలైనవి, ఇంకా పని పూర్తికానివి. మంచం, కుర్చీ, గొడుగు, పేపరు, దోసె, బస్సు టికెట్టు, ఏది కనబడినా దాన్ని ఎక్కడ మడవవచ్చో ముందు చూసేవాడు. ఆ తర్వాతే అది ఏమిటో చూసేవాడు.

నేను కాళ్ళు ఒకచోట నిలవని జబ్బున్నవాణ్ణి. కాశీ నుంచి కన్యాకుమారి దాకా తిరిగి నానారకాల పిచ్చివాళ్ళను చూశాను. గంగ ఒడ్డున ఒకడు రోజూ ఒకే చేపను పేరు పెట్టి పిలిచేవాడు. నాగపూరు స్టేషనులో ఒకడు రైళ్ళకు జాతకాలు రాసేవాడు, ఆలస్యానికి శనిని తిట్టేవాడు. వాళ్ళ పిచ్చి వాళ్ళతోనే ఉండేది. దేవరాజులు పిచ్చి మాత్రం ఎదుటివాడి సామాను మీదికి వచ్చేది. ఒకసారి బస్సులో నా చేతిలోని లావుపాటి పుస్తకాన్ని తీసుకొని, అట్టలు రెండూ వెనక్కి విరిచి, "సూడు సామీ, ఇప్పుడు జేబులో పట్టతాది" అన్నాడు. నిజమే, పట్టింది. పేజీలు మాత్రం ఒక్కొక్కటే ఊడి రేణిగుంట దాకా రాలుతూ పోయాయి.

సుందరరాజు అని మా ఈడువాడు ఒకడు పోయాడు. నేనూ దేవరాజులూ చదివిన బడి నుంచి ఆ ఏడు పోయినవాళ్ళలో అతను మూడోవాడు. ముసురు పట్టిన పొద్దు. ముందు డప్పులు, వెనక మేము. నా మనసంతా తడిసిన బొగ్గులా ఉంది. దేవరాజులు నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అన్నాడు.

"ఈ పాడె మడవదు సామీ."

"ఒక్కసారి వాడేదానికి మడత ఎందుకయ్యా?"

"పోయేవానికి ఒక్కసారే. ఊరికి దినామూ పనుండాది కదప్పా."

చావు దగ్గర నవ్వగూడదని తెలిసీ నవ్వాను. సుందరరాజు బావమరిది ఇప్పటికీ నాతో మాట్లాడడు.

ఈ గుణం ఊరికే వచ్చింది కాదు. తిరుపతి కొర్లగుంటలో ఒకే ఒక గదిలో దేవరాజులు పదిహేడేళ్ళు కాపురం చేశాడు. ఆరుగురు మనుషులు, ఒక గది. మడవని వస్తువు లోపలికి వస్తే ఒక మనిషి బయటికి పోవాలి. అందుకని బల్లను గోడకు మడిచాడు, అటకను అటకలోకే మడిచాడు. భార్య మునిరత్నమ్మ మాత్రం మడత పడని మనిషి.

"నన్ను గూడా మడిసి పైన పెట్టు. దసరాకు దించుదువు గానీ" అనేది.

"నిన్ను మడస్తే నోరు యాడికి పోతాది? అది బయటనే ఉంటాది" అనేవాడు.

పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఇల్లు మూడు గదులైంది. కుర్చీలు మాత్రం ఇంకా గోడకే ఉండేవి. వచ్చినవాడు దించుకొని కూర్చోవాలి, లేచాక మడిచి పోవాలి.

దేవరాజులు వారానికోసారి ఇంటికి వస్తూ ముప్ఫై ఏళ్ళు తమిళనాడులో ఆంబూరు వైపు ఒక షూ ఫ్యాక్టరీలో పనిచేశాడు. అట్ట మీద షూ ఆకారం గీసి, ముక్కలుగా కోసి నమూనాలు తయారుచేసే పని. వయసైపోయిందని ఇంటికి పంపాక మునిశేఖర్ టీకొట్లో కూర్చునేవాడు. పక్కనే మిఠాయి కొట్టు. అక్కడ పలకల్లా పడివున్న అట్టలు చేతి విసురుతో డబ్బాలయ్యేవి. వాటిని నెల రోజులు కళ్ళార్పకుండా చూసి, ఒకనాడు టీ కాగితం కప్పు కింద పెట్టి ప్రకటించాడు.

"షూ గూడా ఇట్ల మడవాల. పరిగెత్తేటప్పుడు షూ. పరిగెత్తనప్పుడు అప్పడం."

టీకొట్టు మునిశేఖర్ పాలు వడకట్టడం ఆపాడు. "ఎవురన్నా ఆకలేసి నూనెలో ఏస్తే?"

"గమ్మునుండు మునిశేఖరా. ఊర్లు తిరిగేవాని సంచిలో సగం సోటు షూలే తింటాయి. అడుగు సామిని."

నా సంచిలో ఎప్పుడూ ఒక జత చెప్పులు, నాలుగు పుస్తకాలు తప్ప ఏమీ ఉండవు. అయినా తల ఊపాను. స్నేహంలో తల ఊపడం ప్రమాదమని అప్పటికి నాకు తెలియదు. మొదటి జత నా పాదం కొలతకే తయారైంది.

షూ అడుగున ఉండే సోలును అడ్డంగా మూడు ముక్కలు చేసి సైకిలు ట్యూబు రబ్బరుతో కలిపాడు. పైభాగం గొడుగు గుడ్డ. చంద్రగిరి కోటలో నడిచి చూద్దామన్నాడు. వాన వెలిసిన మధ్యాహ్నం, రాజమహలు ముందు ఒక్క మనిషి లేడు. ఆ గోడలను చూసినప్పుడల్లా నాకు దిగులే. ఇంత కట్టినవాళ్ళే మట్టిలో కలిశారు, మనమెంత అనుకుంటూ రాతిమెట్టు అంచున కాలు పెట్టాను. షూ నా వేదాంతం పూర్తయ్యేదాకా ఆగలేదు. మధ్యలో కిందికి మడుచుకుపోయింది. నేను మూడు మెట్లు దొర్లాను.

"ఏమయింది సామీ?" అంటూ పరిగెత్తుకొని వచ్చాడు.

"పడ్డాను కదయ్యా!"

"అది కనబడతానే ఉండాది. నేను అడిగేది షూకి ఏమయిందని." నా కాలి నుంచి దాన్ని ఊడదీసి వెలుతురుకు పట్టి చూశాడు. "ఎంత సక్కగా మడిసింది సూడు! రవ్వంత తొందర పడింది, అంతే."

ఆనాటి నుంచి నా కుడి మోకాలు సరిగా మడవదు. కిందకూర్చోలేక నేను అవస్థపడుతుంటే ఆయన తల అడ్డంగా తిప్పేవాడు. "నీ డిజైన్లోనే తప్పుండాది సామీ."

ఏడాది గడిచింది. ఆ వీధి కుక్కలకు కూడా షూ ముక్కలంటే విసుగు పుట్టింది. చివరికి కీలును తలకిందులు చేశాడు. సోలు లోపలివైపుకే మడుచుకుంటుంది కాబట్టి పాదం లోపల ఉన్నంతసేపూ ఆ పాదమే అడ్డం. పాదం బయటికొస్తే తలుపులా మూసుకుంటుంది. నాకే ముచ్చటేసింది. రెండు షూలూ మడిచి ఒకదాని మీద ఒకటి పెడితే ఆరు వేళ్ళ మందం. దేవరాజులు తన వేళ్ళు ఆనించి కొలిచి, పెదవి విరిచాడు.

"నాలుగు కావాల."

అప్పుడే మోహన అనే చెన్నై వ్యాపారి ఒకాయన, ప్రయాణాల సామాన్లు అమ్మేవాడు, ఎవరో చెప్పగా విని టీకొట్టుకు వచ్చాడు. షూ తొడుక్కొని వీధి చివరిదాకా పరిగెత్తి వచ్చాడు. మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"పెద్దాయనా, ఆరు వేళ్ళు చాలు. పెట్టెలో బాగా పట్టతాది. వచ్చే నెలే మొదలుపెడదాం. మీ పేరే పెడదాం."

"నాలుగు" అన్నాడు దేవరాజులు.

"ఎందుకు నాలుగు?"

"నాలుగే."

"ఆరుకీ నాలుక్కీ ఏముందండీ?"

"రెండు వేళ్ళుండాది."

మునిశేఖర్ ఉండబట్టలేకపోయాడు. "ఎవురి వేళ్ళు అన్నా, నీవా, ఆయనవా? ముందు నీ తలకాయకు కొలత తీసుకో!"

కొట్టంతా గొల్లుమంది. మోహన నమస్కారం పెట్టి కారెక్కాడు. దేవరాజులు కాగితం కప్పును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ముప్ఫై ఏళ్ళు పేరు లేకుండా ఎవరి షూలకో అట్ట కోశావు. పేరు నీ వాకిటికొస్తే వెనక్కి పంపావు. నువ్వు మడిచింది షూ కాదయ్యా, నీ బతుకు!"

నేను కోపం వస్తే ఊరు వదిలే మనిషిని. ఆ సాయంత్రమే గూడూరు రైలెక్కాను. అక్కడ మండీలో నిమ్మకాయల బస్తాలు చూస్తూ, లోకం పుల్లగా ఉందని నిర్ధారించుకుంటూ మూడు నెలలు గడిపాను. కార్తీకం ముసురు మొదలయ్యాక ఫోను వచ్చింది.

"సామీ, చిత్తూరు పోదాం రా."

"ఎందుకు?"

"షూ సూసేదానికి."

ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. చిత్తూరులో ఆయన నన్ను నేరుగా పోలీసు మైదానానికి తీసుకుపోయాడు. సన్నగా జల్లు. కానిస్టేబులు ఉద్యోగాలకు ఆడపిల్లల పరుగు పరీక్ష ఆ రోజు. కంచె బయట తల్లులు, తండ్రులు గొడుగుల కింద బిగుసుకుపోయి నిలబడ్డారు. కంచె లోపల ఒక పిల్ల అన్నం సంచి విప్పింది. డబ్బా తీసి పక్కన పెట్టి, దాని కింద నుంచి నల్లటి పలకల్లాంటివి రెండు తీసి విదిలించింది. అవి షూలయ్యాయి.

పిల్ల తల ఎత్తింది. టీకొట్టు మునిశేఖర్ కూతురు, రూపశ్రీ.

"మునిశేఖర్ ఎక్కడ?" అన్నాను.

"వానికి తెలీదు. ఎవురికీ తెలీదు" అన్నాడు దేవరాజులు.

అప్పుడు చెప్పాడు. రెండేళ్ళ కింద ఆ పిల్ల ఇదే పరీక్షకు వచ్చింది. మునిశేఖర్ ముందురోజే వీధంతా మిఠాయి పంచాడు. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. నాలుగు సెకన్లు ఎక్కువ పట్టాయి. తండ్రి రెండు రోజులు కొట్టు తెరవలేదు. తర్వాత పరుగు మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పిల్ల శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ పనికి చేరింది. మళ్ళీ ప్రయత్నించాలని ఉంది, కానీ పాసైతేనే చెప్పాలి, ఫెయిలైతే ఎవరికీ తెలియగూడదు. కంపెనీ బస్సు సాయంత్రం తిరుచానూరు రోడ్డులో ఒక మైదానం పక్కనుంచే పోతుంది. దిగి వెలుతురుండగా ఒక గంట పరిగెత్తవచ్చు. కానీ షూలతో ఇంటినుంచి బయలుదేరితే తండ్రి కంట పడుతుంది. బస్సులో దాచిన జతను ఎవరో ఎత్తుకుపోయారు. ఫ్యాక్టరీ లోపల ఒక్కొక్కరికి ఒక చిన్న గూడు, అన్నం డబ్బాకు మాత్రం సరిపోయేది.

"గులకరాళ్ళలో ఉత్తకాళ్ళతో పరిగెత్తతా ఉంటే ఒగనాడు నా కంట పడింది. మడమలు సీలిపోయి ఉన్నాయి. గూడు ఎంత ఉంటాది పాపా అంటే, డబ్బా పెట్టినాక పైన ఇంతే పెదనాయనా అని సెయ్యి పెట్టి సూపించింది." దేవరాజులు తన అరచేతిని అడ్డంగా నా ముందు నిలిపాడు. బొటనవేలు లోపలికి ముడిచి ఉంది. మిగిలినవి నాలుగు.

నేను గొడుగు చాటుకు పోయాను. గూడూరు నిమ్మకాయలు గుర్తొచ్చాయి.

"టీకొట్లో అంత మంది నవ్వుతుంటే ఒక్క మాట చెప్పి ఉండవచ్చు కదా. నాకైనా."

"ఒగటి సెప్తే ఎందుకని అడగతారు. ఎందుకో సెప్తే ఎవురికని అడగతారు. పిచ్చోడంటే ఎవురూ ఏమీ అడగరు సామీ. సుకం."

ఈల మోగింది. నాలుగు చుట్లు. మొదటి చుట్టుకే బురద లేచింది. రెండో చుట్టులో ఒక పిల్ల షూ ఊడి కాలువలో పడింది, ఇంకొకతె కూర్చుండిపోయి ఏడ్చింది. మూడో చుట్టులో రూపశ్రీ వెనకబడింది. నాకు మంచి జరుగుతుందనే నమ్మకం ఎప్పుడూ లేదు, అందులోనూ వానలో. దేవరాజులు పిల్ల ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కంచె పట్టుకొని పాదాలనే చూస్తూ, "మడవగాకు, మడవగాకు, మడవగాకమ్మా" అని జపం చేస్తున్నాడు. యాభై ఏళ్ళలో ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు.

చివరి మలుపులో పిల్ల పళ్ళు బిగించి దూసుకొచ్చింది. గడియారం పట్టుకున్నాయన చదివాడు: పది నిమిషాల ఇరవై ఆరు సెకన్లు. పోయినసారి ఎక్కువైన నాలుగూ ఈసారి మిగిలాయి.

"ఒగసారి గూడా మడవలేదు సామీ!" అని దేవరాజులు నన్ను కావలించుకున్నాడు. నా గొడుగు ఇద్దరి మధ్యా నలిగి మడుచుకుపోయింది, మడవకూడని చోట.

రూపశ్రీ కంచె దగ్గరికి వచ్చి ఆయన ఫోను తీసుకొని తండ్రికి చేసింది. స్పీకరులో టీకొట్టు చప్పుడంతా వినబడింది.

"యాడుండావు పాపా? పనికి పోలేదా?"

"చిత్తూరులో ఉండా నాయనా. పరుగులో పాసయినా."

పాలు పొంగిన వాసన ఫోనులోంచి వచ్చినట్టే అనిపించింది నాకు.

"ఇంగోసారి సెప్పు."

చెప్పింది. మునిశేఖర్ అడిగాడు. "షూలు యాడియి?"

పిల్ల ఫోను దేవరాజులు చేతికిచ్చింది. ఆయన చాలా మర్యాదగా అన్నాడు. "నువ్వు సెప్పినట్టే తలకాయకు కొలత తీసినా మునిశేఖరా. సరిగ్గా నాలుగు వేళ్ళుండాది."

మర్నాడు టీకొట్లో మునిశేఖర్ కాగితం కప్పులు పక్కన పెట్టి దేవరాజులుకు టీ గాజు గ్లాసులో ఇచ్చాడు. మడవడానికి వీల్లేక ఆయన చాలా ఇబ్బంది పడ్డాడు. మోహన మళ్ళీ ఫోను చేస్తే దేవరాజులు, "ఆ పాప ఫ్యాక్టరీలోనే ఇంగో పాప పరిగెత్తేదానికి వస్తా ఉండాది. పాదం పెద్దది. అది అయినాక సూస్తాం" అన్నాడట.

నేను ఊరు వదిలే రోజు కూడా వానే. బస్టాండుకు పేపరు పొట్లం పట్టుకొని వచ్చాడు. విప్పితే ఒక జత షూలు, నా కొలతకు. వెనక్కి వంచాను. కదల్లేదు. ముందుకు వంచాను. బలమంతా పెట్టాను. సోలు బండరాయి.

"ఇది మడవదేమయ్యా?"

ఆయన బస్సు బోర్డు వైపు చూస్తూ చెప్పాడు. "చంద్రగిరిలో షూని అడిగినా గానీ నిన్ను అడగలా. అది మనసులో ఉండిపోయింది. నీకు మడవనిదే మేలు సామీ. మోకాలికీ దానికీ జత."

నా సంచిలో పట్టలేదు, కాబట్టి అక్కడే తొడుక్కున్నాను. బస్సు కదిలాక గుర్తొచ్చి, నా పాత చెప్పులు ఏమయ్యాయా అని కిటికీలోంచి తల బయట పెట్టాను. జల్లులో దేవరాజులు వాటిని అప్పటికే సగానికి మడిచి, చంకలో పెట్టుకొని, నాకు చెయ్యి ఊపుతున్నాడు.