నల్ల అద్దాలూ, వసారాలో తువ్వాలూ

ఎవరైనా ఎంగిలితో అద్దం తుడవడం చూస్తే నేను ఇప్పటికీ అక్కణ్ణుంచి లేచిపోతాను. సూర్యాపేట అంగడిలో నేల మీద గుడ్డ పరిచి కళ్లద్దాలు అమ్మే మనిషి ప్రతి జత మీదా తుపుక్కున ఉమ్మేవాడు. లుంగీ అంచుతో రుద్ది వచ్చినవాళ్ల ముక్కుకు తగిలించేవాడు. నాకిచ్చిన జతను నాకంటే ముందు పదిమందైనా పెట్టుకుని చూసి ఉంటారు. ముక్కు మీద ఆనే చోట తలనూనె, చెమట కలిసి జిగటగా పేరుకుంది. అయినా పెట్టుకున్నాను.

ఎందుకు పెట్టుకోవలసి వచ్చిందో చెప్పాలి. నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు నేను కోదాడ బడిలో పంతుల్ని. సెలవు రోజుల్లో సైకిలెక్కి అనంతగిరి వెళ్లి, ఒక మోతుబరి ఇంట్లో ఆయన కోడలికి లెక్కలు చెప్పేవాణ్ణి. ఆమె భర్త పోయాడు. టీచర్ ట్రైనింగులో చేరడానికి పరీక్ష రాయాలి. నెగ్గితే జీతం, తనదంటూ ఒక గది. తప్పితే బతుకంతా ఆ ఇంట్లో పేడ ఎత్తడమే. మామను ఒప్పించడానికి రెండు నెలలు వాదించాను. ఒప్పుకున్నాక కూడా ఆయన పాఠం జరిగినంతసేపూ వసారాలో కాపలా కూర్చునేవాడు.

చలికాలం ఎదురుగాలికి తోడు సున్నపురాయి బండ్లు లేపే దుమ్ము. ఆ ఇల్లు చేరేసరికి నా కళ్లు ఎర్రబడి ధారగా కారేవి. ఒకరోజు పెద్దాయన నన్ను చూడగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"పంతులూ, కండ్లకలకతోని ఇంట్లకొస్తవా? సూస్తె అంటుకుంటది!"

"కలక కాదండీ, గాలికి కారుతున్నాయి. అయినా కలక చూపుతో అంటుకోదు. చేతులతో, గుడ్డలతో అంటుకుంటుంది."

"మా తాతల కాన్నుంచి సూపుతోనే అంటుకుంటాంది. నువ్వొచ్చి మార్చినవా? కండ్లు తేటపడ్డంక రా, పో."

అంటూనే కొయ్యకు వేలాడే తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు ఒకప్పుడు తెల్లనిదట. అప్పటికి కుడితి రంగుకొచ్చి పులిసిన వాసన కొట్టేది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ కాళ్లూ మొహమూ కడుక్కుని దానితోనే తుడుచుకోవాలి. వద్దంటే ఇంటివాళ్లకు అవమానం. పాలేర్లను మాత్రం దాన్ని ముట్టనిచ్చేవారు కారు. ఆ ఊళ్లో అంటరానితనం వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే అదొక్కటే.

పరీక్షకు నెల కూడా లేదు. అందుకే కళ్లకు గాలి తగలకుండా అద్దాలు కొందామని సూర్యాపేట వెళ్లాను. గుడ్డ మీద ఆకుపచ్చవి, నీలివి, నల్లవి ఉన్నాయి. అమ్మేవాడు చేతికి అద్దమిచ్చి, "నల్లయి తీసుకో సారూ, తహసీల్దారు లెక్క కొడుతున్నవ్" అన్నాడు. గాలి ఏ పక్కనుంచి దూరుతుందో నేను ఆలోచించలేదు. సభల్లో మూఢత్వాన్ని చీల్చి చెండాడే నేను, నా మొహం చూసుకుని మురిసి నల్లవే కొన్నాను. మీరు ఛీ అనక్కర్లేదు. నేనే చాలాసార్లు అనుకున్నాను.

అవి పెట్టుకుని అనంతగిరికి సైకిలు తొక్కుతుంటే పక్కలనుంచి గాలి దూరింది. దుమ్ము లోపలే చిక్కింది. కళ్లు మునుపటికంటే ఎక్కువ కారాయి. నన్ను చూడగానే పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఓరి, నల్లద్దాలు పెట్టుకొచ్చిండు! దవాఖానల కండ్లు పాడైనోళ్లకే గదా ఇవి పెట్టేది! గాడనే ఉండు!"

తలుపు వెనకనుంచి కోడలి గొంతు వినిపించింది. "సారూ, అవి గాలికి కొన్నరా, జనం సూడనీకి కొన్నరా? పరీక్ష ఇంక పదిహేనొద్దులే ఉంది."

సైకిలు తిప్పుకున్నాను.

రెండు రోజుల తర్వాత బడి పనిమీద మిర్యాలగూడ వెళ్లాను. అక్కడ ఒక బియ్యం మిల్లులో తవుడు జల్లించే మనిషి కనిపించాడు. చుట్టూ పొగమంచులా తవుడు. కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. మామూలు తెల్లద్దాలకు రెండు పక్కలా మెత్తని తోలు కుట్టించుకున్నాడు. నా నల్లజతను చూసి నవ్వాడు.

"గివి పెండ్లికొడుక్కు బాగుంటయి సారూ. పక్కన సందు సూడు, ఎలుక దూరుతది."

ఒకసారి తనవి పెట్టుకుని చూస్తానన్నాను. ఆగమని, సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెట్టి అప్పుడిచ్చాడు. "ఒకల చెమట ఒకలకెందుకు?" అన్నాడు. ఆ నెలలో నాకు రోత పుట్టించని మనిషి అతనొక్కడే. ఎలా ఎంచుకోవాలో కూడా అతనే చెప్పాడు. అంచు నొసటికీ చెంపకూ ఆనాలి. పక్కనుంచి ఎవరైనా ఊదితే రెప్పకు తగలకూడదు. తోలుకు సూదంత బెజ్జాలు లేకపోతే లోపల ఆవిరి పడుతుంది. నల్ల అద్దాలు ఊడదీయించి తెల్లవి వేయించాను. చెప్పులు కుట్టే ఆయన తోలు కుట్టిపెట్టాడు.

వారం రోజుల్లో పరీక్ష ఉందనగా అనంతగిరి చేరాను. కళ్లు పొడిగా ఉన్నాయి. కానీ వసారాలో పెద్దాయన కళ్లు రెండూ వాచి, పుసులు కట్టి, రెప్పలు అంటుకుని ఉన్నాయి.

"పంతులూ, నువ్వు సూడవట్టే నాకంటింది!"

నాకు లేని రోగం మీకెలా అంటిందని అడగబోయాను. ఆలోపే కోడలు పలక పట్టుకుని గడపలోకి వచ్చింది.

"మామా, మీరు సూస్తె మాకంటుకుంటది గదా. పరీక్ష దగ్గరికొచ్చింది. లోపట చీకట్ల పండుకోండ్రి."

తన నమ్మకానికి తానే కట్టుబడి ఆయన లేచాడు. తువ్వాలు కొయ్యకు తగిలించి, చేత్తో కళ్లు మూసుకుని లోపలికి పోయాడు. కాపలా లేకుండా పాఠం జరగడం అదే మొదలు. కలక చూపుతో అంటదని చెప్పడానికి నేను నోరు తెరిచే ఉన్నాను.

"మీ వాదన పరీక్షయినంక చెప్పుండ్రి సారూ," అంది ఆమె గొంతు తగ్గించి. "భిన్నాలు కానియ్యండ్రి."

భిన్నాలు చెప్పాను. అబద్ధాన్ని అలా వదిలేయడం ఆ ఎంగిలి అద్దాలను మళ్లీ ముక్కుకు తగిలించుకున్నట్టే ఉంది. పాఠం అయ్యాక చేతులు కడుక్కుంటుంటే లోపలినుంచి పెద్దాయన మర్యాదగా కేకేశాడు.

"పంతులుకు తువ్వాల ఇయ్యి బిడ్డా!"

"ఇస్తున్న మామా," అంది ఆమె. తువ్వాలును కర్రతో కొయ్యమీంచి ఎత్తి, ఒంటికి తగలకుండా పెరట్లోకి మోసుకుపోయి, మరుగుతున్న నీళ్లకాగులో వేసింది.