చాయ్ అయ్యేదాకా ఆగిన సిలిండర్

రెండేళ్ల కిందట మే నెలలో ఒకరోజు, ఉదయం ఏడూ ఇరవైకి, కరీంనగర్ బైపాస్ పక్కనున్న మా షెడ్డుకు చాయ్ వచ్చింది. క్రేన్ల సిలిండర్లు బాగుచేయడం నా పని. అప్పటికే తిరుపతి తన క్రేన్ తెచ్చి గేటు ముందు ఆపాడు. వెనకాలే ఆటోలోంచి అతని వదిన భూలక్ష్మి దిగింది. ఆమె భర్త ఓదెలు పోయి అప్పటికి నెల కాలేదు.

ఆ అన్నదమ్ములు సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, అమ్మి ఈ పాత క్రేన్ కొన్నారు. గ్రానైట్ క్వారీలో తిరుపతి నడిపేవాడు, ఓదెలు రాయికి వైరు కట్టేవాడు. ఓదెలు పోయిన రోజు మధ్యాహ్నం ఒక రాయిని లారీ మీదికి ఎత్తి, దించకుండా ఆపారు. ఓదెలు రాయికీ లారీ క్యాబిన్‌కూ మధ్య నిలబడి కింద చెక్కలు సర్దుతున్నాడు. తిరుపతి ఇంజిన్ ఆపి నీళ్ల సీసా అందుకున్నాడు. బూమ్, అంటే క్రేన్ చెయ్యి, వంగింది. బూమ్ వంగితే రాయి కిందికే కాదు, ముందుకూ జరుగుతుంది. ఓదెలుకు తప్పుకునే చోటు లేకపోయింది.

ఆ పాత క్రేన్‌లో ఇంజిన్ ఆపినా లివర్ కదిలితే బూమ్ దిగుతుంది. తిరుపతి చెయ్యి లివర్‌కు తగిలిందని క్వారీలో ఎవరో అన్నారు. ఆ మాట ఇంటిదాకా వచ్చింది. బూమ్ దానంతటదే దిగిందేమోనని తిరుపతి అనుమానం.

"మిషన్ మీదికి నెడుతుండు రాజన్నా. మిషన్‌కు నోరుందా?" అంది భూలక్ష్మి.

తిరుపతి నన్నే చూశాడు. "నువ్వే చూసి చెప్పన్నా. నా చెయ్యే అయితే నా చెయ్యే. తెల్వకుంట బతుకుడు అయితలేదు."

బూమ్‌ను ఎత్తిపట్టేది సిలిండర్. లోపల పిస్టన్ చుట్టూ ఉండే సీలు చెడితే నూనె పక్కనుంచి జారి, బూమ్ దానంతటదే దిగుతుంది. దాన్ని డ్రిఫ్ట్ అంటాం. బయటి లీకైతే నేలమీద మరక పడుతుంది. లోపలి లీకు కంటికి కనిపించదు. అందుకే బరువు ఎత్తి, ఇంజిన్ ఆపి, పిస్టన్‌కు బిగించిన రాడ్ సిలిండర్‌లోకి దూరేచోట చాక్‌పీసుతో గీత గీస్తాం. చాయ్ తాగేలోపు గీత లోపలికి పోకపోతే సిలిండర్ బాగున్నట్టే. మా దగ్గర అందరిదీ అదే పద్ధతి. ఈ క్రేన్ సర్వీసుకు వచ్చినప్పుడల్లా ఓదెలే ఆ గీత గీసేవాడు. "మా తమ్మునికంటె గిదే నయం. నిలవడుమన్నకాడ నిలవడ్తది" అనేవాడు.

ఆ రోజు గీత నేను గీశాను. చాయ్ అయిపోయింది. గీత ఉన్నచోటే ఉంది.

తిరుపతి గ్లాసు కింద పెట్టాడు. "అయితే నేనే" అన్నాడు.

భూలక్ష్మి లేచింది. నేను రాడ్ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. ఓదెలు పోయింది మధ్యాహ్నం, పొద్దుటినుంచి క్రేన్ ఎండలో పనిచేశాక.

"కూసో చెల్లె. ఇంక టెస్ట్ కాలే" అన్నాను.

"చాయ్ తాగినం గద?"

"నూనె చల్లగున్నది. చల్లగుంటె చిక్కగుంటది, చెడిపోయిన సీలు కాడ గూడ ఆగుతది. జర ఎక్కనియ్యి ఎండ."

మధ్యాహ్నం దాకా ఆ క్రేన్‌తో షెడ్డు వెనక ఇనుప సామాను ఎత్తిస్తూ దింపిస్తూ ఉన్నాం. నూనె ట్యాంకు మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మళ్లీ అదే బరువు, కొత్త గీత. ఇంజిన్ ఆపించి, తిరుపతిని దిగి నా పక్కకు రమ్మన్నాను. లివర్ దగ్గర ఎవరూ లేరు.

గీత మెల్లగా లోపలికి పోయింది. ఆ తర్వాత బూమ్ ఒక్కసారిగా వంగి, బరువు నేలను తాకింది. రాడ్ మీద చుక్క నూనె లేదు.

భూలక్ష్మి వంగి ఆ రాడ్‌ను చూసింది. "పొద్దుగాల్ల గిది ఆగింది గద రాజన్నా. ఆయిన గీసినప్పుడు గూడ ఆగింది."

"ఆగింది చెల్లె."

ఆమె మరిది వైపు తిరిగింది. "ఎండల నిలవడ్డవేంది తిరుపతీ, ఇటు రా" అంది. అతను వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

తర్వాత సిలిండర్ విప్పితే సీలు ఒక పక్కంతా చిరిగి ఉంది. వేసవిలో పనులన్నీ చల్లటి పూటే ముగించుకోవడం మాకు అలవాటు. టెస్టు కూడా అప్పుడే అయ్యేది. క్రేన్ మాత్రం ఎండలో పనిచేసేది. యంత్రాన్ని అది పనిచేసే వేడిలోనే చూడాలని ఆ కేసు నాకు నేర్పింది.

ఉదయం చాయ్ ఇప్పటికీ ఆ వేళకే వస్తుంది. అది తాగుతూ సిలిండర్ టెస్ట్ చేయడం మా షెడ్డులో ఇప్పుడు లేదు.