అతుకుల తెరచాప

మా బీరువా తలుపు ఆరు నెలలుగా మూసుకోవడం లేదు. వడ్రంగి వచ్చి చూసి, తలుపులో లోపమేమీ లేదని, తప్పంతా లోపలున్న చొక్కాలదేనని తేల్చి, టీ తాగి వెళ్ళాడు. నిన్న వాటిని తగ్గిద్దామని తలుపు బార్లా తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. చిన్నప్పుడు పులికాట్ సరస్సు ఒడ్డున మా ఇంట్లో అవ్వ రేకుపెట్టె తెరిస్తే ఎండు వేపాకు, గంజి, ఉప్పుగాలి కలిసిన వాసన వచ్చేది.

ఆ ఇంట్లో బట్టకు అంత తేలిగ్గా సెలవు దొరికేది కాదు. నాయన పంచె చిరిగితే తుండుగుడ్డయ్యేది, తుండు చిరిగితే ఊరగాయ జాడీకి వాసెన కట్టేవాళ్ళు, ఆపైన పొయ్యి దగ్గర మసిగుడ్డ. అవ్వ పాత చీర ఉయ్యాలై మా నలుగురినీ వరసగా ఊపి, ఆ తర్వాతే బొంతలోకి రిటైరయ్యేది. ఏ ఉద్యోగమూ దొరకనివి రేకుపెట్టెలో చేరేవి. ఆ మూతా మూసుకునేది కాదు. వడ్రంగిని పిలవకుండా అవ్వే దానిమీద కూర్చునేది.

ఒక వేసవిలో, పైరగాలి మొదలైన రోజుల్లో, మా పడవ తెరచాప నిలువునా చిరిగింది. రొయ్యలు పడే కాలం. ఒడ్డున ఐసు లారీ ముందొచ్చిన పడవల సరుకు నింపుకుని పోయేది. వెనకొచ్చినవాళ్ళు రొయ్యల్ని ఇసుకలో ఎండబెట్టుకోవలసిందే. చాప లేకపోతే గడకర్రతో తోసుకుంటూ రోజూ వెనకే రావాలి. పక్కింటి పోలయ్య మామ అప్పటికే తన పడవకు కొత్త నీలం ప్లాస్టిక్ పట్టా చాపగా కట్టాడు. నాయన దానివైపు ఆశగా చూస్తుంటే, అవ్వ పెట్టె మీద నుంచి లేచి, లోపలి గుడ్డలన్నీ కుమ్మరించింది.

"ఈ పీలికలకి గాలి ఆగతాదా అమ్మా?" అన్నాడు నాయన.

"నిన్ను మోసిన చీరరా ఇది. గాలి నీకంటే బరువా?"

ప్రతి ముక్కనూ రెండు బొటనవేళ్ళతో చెవి దగ్గర లాగి, 'పట్' మన్నదాన్ని మసిగుడ్డల్లోకి తోసి, మాట్లాడనిదాన్ని చాపకు ఉంచి, అవ్వా అమ్మా నాలుగు రోజులు రెండేసి వరసలు కుట్టారు. నాయన లుంగీలు, అవ్వ పాత చీర, అమ్మ నూలుచీర, దిండు గలీబులు, సరిగ్గా నడిమధ్యన నా ఖాకీ నిక్కరు వెనకభాగం.

"ఏందత్తా, గుడ్డలారేసుకోను పడవ దాకా రావాల్నా?" అన్నాడు పోలయ్య మామ. అవ్వ దారం కొరికి ఆఖరి ముడి వేసింది.

చాప కట్టిన మొదటి రోజు మధ్యాహ్నం పడవలు తిరిగొస్తుంటే నీలం చాపే ముందుంది. ఇంతలో గాలి ఒక్క విసురు విసిరింది. పట్టాకు తాడు దగ్గర పడిన చిన్న చిల్లు కాగితం చిరిగినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. మా చాపా చిరిగింది. అయితే లుంగీలో మొదలైన చిరుగు అవ్వ కుట్టు దాకా వచ్చి ఆగిపోయింది. మా ఇంట్లో ఎవరైనా అంతే.

అలా నా నిక్కరు గాలి నింపుకుని, గుండ్రంగా, ఊరంతా చూస్తుండగా అందరికంటే ముందు ఒడ్డుకొచ్చింది. లారీలోకి మొదట ఎక్కినవి మా బుట్టలే. చదువులో నాకు అంత పేరు ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పోలయ్య మామ చంకలో మూటతో వచ్చాడు. "అత్తా, మా ఇంట్లోయి గూడా చానా చినిగినాయి." అవ్వ జరిగి చోటిచ్చింది. ఆ కాలం ముగిసేసరికి అన్నీ అతుకుల చాపలే; దూరాన చాపలోని గుడ్డలు చూసి అది ఏ ఇంటి పడవో చెప్పగలిగేవాళ్ళం.

ఇప్పుడు పడవలకు ఇంజన్లు వచ్చాయి, చాపలు పోయాయి. నా నిక్కరు ఏనాడో మట్టయింది. ఆ నీలం పట్టా ముక్క మాత్రం మొన్న వెళ్ళినప్పుడు కూడా ఒడ్డు బురదలో పలకరించింది.

నిన్న చొక్కాలన్నీ మంచం మీద కుప్పపోసి, అవ్వలాగే ఒక్కొక్కటీ చెవి దగ్గర లాగి చూశాను. అన్నీ పాలియెస్టరువే; రబ్బరులా సాగాయి తప్ప ఒక్కటీ నోరు విప్పలేదు. ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న అమ్మకు గర్వంగా చూపించాను. అమ్మ ఒక చొక్కా మీద గ్లాసులో నీళ్ళు రెండు చుక్కలు వేసింది. అవి ముత్యాల్లా దొర్లి కింద పడ్డాయి.

"నేను పొయ్యినా, నువ్వు పొయ్యినా, ఇవి మాత్రం ఈడనే ఉంటాయిరా."